మా వాడి మోచెయ్యి, ముప్పై క్లబ్బుల కళ్ళు: డ్రాఫ్ట్ దాకా మా పదమూడు నెలలు

మన తెలుగువాళ్ళ పిల్లలు బేస్‌బాల్‌లో కాలేజీ దాకా రావడమే తక్కువ. అక్కడి నుంచి అమెరికాలో అగ్రశ్రేణి అయిన మేజర్ లీగ్ క్లబ్బుల కంట్లో పడి, అవి ఏటా కొత్త ఆటగాళ్ళను రౌండ్లవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దాకా వెళ్ళిన ఇల్లు మాకు ఒక్కటీ తెలియదు. అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. మా అబ్బాయి టెక్సస్‌లోనే ఒక కాలేజీలో మూడో ఏడు చదువుతూ పిచర్‌గా, అంటే బంతి వేసేవాడిగా, ఆడాడు. కుడిచేతి వాటం, ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. ఎత్తు ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఏడాదంతా మేము ఎక్కువగా విన్నది దాని గురించే. మా రెండు వైపులా కలిపి వాడే అందరికంటే పొడుగు. ఇక్కడేమో ఆరడుగులు లేని కుడిచేతి పిచర్ అనగానే పెదవి విరిచేవాళ్ళు.

మొదలైంది 2024 జూన్‌లో. మసాచుసెట్స్‌లో కాలేజీ ఆటగాళ్ళు ఆడే కేప్ కాడ్ సమ్మర్ లీగ్‌లో ఒక జట్టు వాణ్ణి రెండు వారాలకు తాత్కాలికంగా తీసుకుంది. ఆ రెండు వారాలూ బాగా వేయడంతో ఆగస్టు దాకా ఉంచేసుకున్నారు. పిల్లలు అక్కడి స్థానికుల ఇళ్ళలోనే ఉంటారు కాబట్టి అద్దె భారం లేదు. జులైలో నేనూ మా వారూ నాలుగు రోజులు వెళ్ళాం. స్కూలు గ్రౌండులాంటి మైదానం, జనం ఇళ్ళ నుంచి మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు. మావాడు బంతి వేసే దిబ్బ, మౌండ్, ఎక్కి మొదటి బంతికి చెయ్యి వెనక్కి తీయగానే, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక వరసలో పదిహేను చేతులు ఒక్కసారిగా లేచాయి. ప్రతి చేతిలో వేగం కొలిచే ఒక రాడార్ గన్. వాళ్ళంతా క్లబ్బుల కోసం ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు. బంతి పడగానే అన్నీ కిందికి దిగాయి, అన్ని తలలూ వంగాయి, అందరూ రాసుకున్నారు. మళ్ళీ బంతి, మళ్ళీ చేతులు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ వాడు ఆడుతుంటే గెలుస్తాడా ఓడతాడా అని చూసేదాన్ని. ఆ వరసలో కూర్చున్నవాళ్ళకు స్కోరుతో పనే లేదని ఆ సాయంత్రమే అర్థమైంది.

అక్టోబరులో కాలేజీలో 'స్కౌట్ డే' పెట్టారు. ఆ తర్వాత మూడు వారాల్లో పంతొమ్మిది క్లబ్బుల నుంచి ఫారాలొచ్చాయి. పాత దెబ్బలు, ఆపరేషన్లు, కళ్ళద్దాలు, నిద్ర, ఇంట్లో ఎవరైనా ఆటలాడారా, అమ్మానాన్నల ఎత్తెంత, ఇవన్నీ అడిగారు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు ఇంకా ఎదుగుతాడా, ఒళ్ళు పెడతాడా అని మా ఎత్తులను బట్టి అంచనా వేస్తారట. ఒక క్లబ్ వాళ్ళయితే కంప్యూటర్లో నూటికి పైగా ప్రశ్నలు పెట్టారు. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి అడిగారు. సెమిస్టర్ పరీక్షల మధ్య వాడికి ఇవి నింపడానికే వారాంతాలు సరిపోయాయి. తల్లిదండ్రులకు నా సలహా ఒకటే. చిన్నప్పటి నుంచి తీసిన ప్రతి ఎక్స్‌రే, ప్రతి డాక్టర్ చీటీ ఒక ఫైల్లో పెట్టుకోండి. పదమూడో ఏట మావాడి మణికట్టు విరిగితే తీసిన ఎక్స్‌రే కోసం నేను రెండు క్లినిక్కుల చుట్టూ తిరిగాను. పదకొండు రోజులు పట్టింది.

ఈ దశలోనే అడ్వైజర్ కావాలి. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల వల్ల ఆయన్ని ఏజెంట్ అనకూడదు. ఆయన మావాడి తరఫున క్లబ్బులతో బేరం కూడా ఆడకూడదు, మాకు సలహా మాత్రమే చెప్పాలి. ముగ్గురితో మాట్లాడి ఒకరిని పెట్టుకున్నాం. అప్పటికి డబ్బేమీ ఇవ్వక్కర్లేదు, క్లబ్‌తో సంతకం అయితే అప్పుడిచ్చే బోనస్‌లో ఐదు శాతం. ఆయన చెప్పిన మొదటి మాట మాకు బాగా పనికొచ్చింది. "మూడో ఏడు అయిన కుర్రాడికి వెనక్కి వెళ్ళి నాలుగో ఏడు ఆడే దారి ఉంటుంది, అదే మీ బలం. నాలుగో ఏడు కూడా అయిపోతే వాళ్ళు ఇచ్చిందే పుచ్చుకోవాలి" అన్నారు.

డిసెంబర్ 21, శనివారం. ఒక క్లబ్ తరఫున మా ప్రాంతం చూసే ఏరియా స్కౌట్ ఇంటికొచ్చారు. నేను జంతికలు పెట్టి కాఫీ ఇచ్చాను. మనిషి చాలా మర్యాదస్తులు. గంటన్నర కూర్చున్నారు. అందులో ఆట గురించి మాట్లాడింది ఇరవై నిమిషాలే. చివరిసారి కోచ్ మీద ఎప్పుడు కోపం వచ్చింది, అప్పుడేం చేశావు? నిన్ను బయటే కూర్చోబెడితే ఎవరితో మాట్లాడతావు? ఇలా అడిగారు. తర్వాత మా వైపు తిరిగి, "మూడేళ్ళ తర్వాత మీ అబ్బాయిని క్లబ్ వదిలేసిందనుకోండి. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, చేతిలో డిగ్రీ లేదు. ఆ రోజు మీరు వాడితో ఏమంటారు?" అన్నారు.

మా వారు నా వైపు చూశారు. నాకు గొంతు పూడుకుపోయింది. "ఇంటికి రా నాన్నా, చదువు పూర్తి చేద్దువుగాని అంటాను" అని మాత్రం చెప్పాను. ఆయన తలూపి రాసుకున్నారు. కాంట్రాక్టులో చదువు కోసం స్కాలర్‌షిప్ క్లాజు రాయించుకోవచ్చనీ, మిగిలిన సెమిస్టర్ల ఖర్చు క్లబ్ ఇస్తుందనీ, ఆట మానేసిన రెండేళ్ళలోపు మళ్ళీ కాలేజీలో చేరాలనీ చెప్పారు. మమ్మల్ని కూడా చూసుకోవడానికే ఆయన వచ్చారని తర్వాత తెలిసింది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, కష్టమొస్తే కుర్రాడి వెనక ఎవరు నిలబడతారు అన్నది కూడా వాళ్ళ రిపోర్టులో ఉంటుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, "మీ నంబర్ ఎంత?" అన్నారు. ఎంత ఇస్తే సంతకం పెడతాడు అని. అడ్వైజర్ ముందే చెప్పి ఉంచారు కాబట్టి సీజన్ అయ్యాక చెప్తామన్నాం.

2025 ఫిబ్రవరి 14న సీజన్ మొదలైంది. కోచ్ వాడికి శుక్రవారం మ్యాచ్ ఇచ్చారు. జట్టులో మేటి పిచర్‌కు ఇచ్చే రోజది. కాలేజీకి మా ఇంటి నుంచి నాలుగు గంటల దారి. మధ్యాహ్నం ఆఫీసు ముగించుకుని బయల్దేరి, కారులోనే పులిహోర తిని, ఆరింటికి గ్రౌండ్ చేరేవాళ్ళం. హోటల్, పెట్రోలు, తిండి, బయటి ఊళ్ళ మ్యాచ్‌లకు రెండుసార్లు విమానం, అన్నీ కలిపి మే నెలాఖరుకు 6,840 డాలర్లయింది. ప్రతి రసీదూ దాచాను.

ఆ సీజన్లోనే వాళ్ళ భాష కొంత వంటబట్టింది. ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులు. మన లెక్కలో యాభై మార్కులంటే అత్తెసరు. ఇక్కడ 50 అంటే మేజర్ లీగ్ ఆటగాళ్ళ సగటు, అది రావడమే గొప్ప. మావాడికి ఎక్కువమంది స్కౌట్లు వేగంగా వేసే ఫాస్ట్‌బాల్‌కు 50, పక్కకు జారే స్లైడర్‌కు 55, అదే ఊపుతో వేసినా నెమ్మదిగా వచ్చే చేంజప్‌కు 40 ఇస్తున్నారని అడ్వైజర్ చెప్పేవారు. ఆ నలభై మమ్మల్ని పీక్కుతింది. నమ్మదగ్గ మూడో బంతి లేకపోతే మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్‌గా చూడరు, తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే మ్యాచ్‌లో చివర్లో ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసే రిలీవర్ అంటారు. రిలీవర్ అంటే బోనస్ తగ్గుతుంది. కొంతమంది స్కౌట్లు స్టాప్‌వాచ్ కూడా పట్టుకొచ్చేవారు. పిచర్ కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా ఎంత సమయమో కొలిచేవారు. 1.3 సెకన్లు దాటితే బేస్ మీదున్న అవతలి జట్టువాడు ఆ సందులో తర్వాతి బేస్‌కు పరుగెత్తేస్తాడు. మావాడిది 1.25 దగ్గర ఉండేది.

మా అందరి చూపూ మాత్రం స్పీడ్ మీదే. బోర్డు మీద 93 పడితే ఊపిరి పీల్చుకునేదాన్ని, 90 పడితే టెన్షన్. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటే గంటకు 94 మైళ్ళు. మావాడు 91, 92 మధ్య ఆడుతున్నాడు. తెనాలిలో మా నాన్నగారు వాట్సాప్‌లో వీడియోలు చూసి, "అమ్మాయ్, వీడు మోచెయ్యి వంచి విసురుతున్నాడు, అంపైర్ ఊరుకుంటాడా?" అనేవారు. క్రికెట్ చూసిన కళ్ళు మరి. ఈ ఆటలో విసరడమే పద్ధతి నాన్నా అని ప్రతిసారీ చెప్పేదాన్ని. ఆ మోచేతి గురించి వేరే దిగులు మాత్రం తర్వాత మాకే పట్టుకుంది.

మార్చి 28 శుక్రవారం, ఉగాదికి రెండు రోజుల ముందు, క్రాస్‌చెకర్లు వచ్చారు. ఏరియా స్కౌట్ చెప్పింది సరో కాదో చూసే పై మనుషులు వీళ్ళు. మావాడు ఆరు ఇన్నింగ్స్ వేసి, బంతిని కొట్టనివ్వకుండానే తొమ్మిదిమందిని అవుట్ చేశాడు, అంటే తొమ్మిది స్ట్రైకవుట్లు. ఆదివారం హోటల్ గదిలో ముగ్గురం పచ్చడి తిన్నాం. ఇంత బాగా ఏ పండగా జరగలేదనిపించింది.

రెండు వారాలకే, ఏప్రిల్ 11న, మూడో ఇన్నింగ్స్‌లో స్లైడర్ వేసి చెయ్యి విదిలించాడు. మళ్ళీ ఒకటి వేశాడు, మళ్ళీ విదిలించాడు. ట్రైనర్ మౌండ్ దగ్గరికి వెళ్ళడం చూసి నేను లేచి నిలబడ్డాను. వాడు బంతి కోచ్ చేతిలో పెట్టి దిగి వచ్చేశాడు. గన్లు పట్టుకున్న వరస మొత్తం ఫోన్లు తీసింది. నాకు ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అందరూ ఒకేసారి తలలు వంచుకుని ఎవరికో మెసేజీలు పెడుతున్నారు, నా కొడుకేమో చెయ్యి పట్టుకుని డగౌట్‌లో కూర్చున్నాడు.

సోమవారం ఎమ్మారై తీశారు. ఫలితం గురువారం సాయంత్రం వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో పొయ్యి వెలిగించానో లేదో కూడా గుర్తులేదు. మోచేతి లోపలి వైపు ఉండే యూసీఎల్ అనే లిగమెంట్ తెగితే టామీ జాన్ ఆపరేషన్, పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు ఆట లేదు. అలాంటి స్థితిలో డ్రాఫ్ట్ గురించి ఆలోచించేదేముంది? రాత్రి ఒంటిగంటకు మావాడు ఫోన్ చేసి, "అమ్మా, పడుకున్నావా?" అన్నాడు. లేదన్నాను. తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఫోన్ అలాగే పెట్టుకుని నిద్రపోయాడు. వాడి శ్వాస వింటూ కూర్చున్నాను.

లిగమెంట్ బాగానే ఉంది. ముంజేతి కండరం కొద్దిగా బెణికింది, అంతే. రెండు వారాలు బంతి ముట్టుకోకూడదు, ఆ తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఇన్సూరెన్స్ పోగా మా చేతి నుంచి 1,130 డాలర్లు పడింది. అడ్వైజర్ మమ్మల్ని అడిగి ఆ ఫిల్మ్‌నూ రిపోర్టునూ అడిగిన క్లబ్బులన్నిటికీ అందేలా చూశారు. దాచితే అనుమానం పెరుగుతుందన్నారు. అప్పుడు మా వారికి కుమార్ రాకర్ గుర్తొచ్చాడు. తల్లి వైపు భారతీయ మూలాలున్న ఆ పిచర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ క్లబ్ డ్రాఫ్ట్‌లో పదో పిక్‌గా, అంటే పదో ఎంపికగా, తీసుకుంది, అరవై లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది. తర్వాత వైద్య పరీక్షలు చూసి సంతకం చేయకుండా వదిలేసింది. మరుసటేడు టెక్సస్ రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకోవడం, 2023లో టామీ జాన్ ఆపరేషన్ జరగడం, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడం, అన్నీ మేము చూసినవే. అంత పెద్ద పేరున్న కుర్రాడికే ఒక ఫిల్మ్ అంత పని చేస్తే మావాడెంత అనుకున్నాం.

మే 9న తిరిగొచ్చాడు. కోచ్ జాగ్రత్తపడి ఒక్క ఇన్నింగ్సే ఇచ్చారు. ఒక్క ఇన్నింగ్సే కదా అని వాడు ఉన్న బలమంతా పెట్టాడు, బోర్డు మీద 95 పడింది. మేము పొంగిపోయాం. అడ్వైజర్ మాత్రం, "ఇక రిలీవర్ అనే మాట ఖాయం" అన్నారు. ఇంకో రెండుసార్లు ఆడేసరికి సీజన్ అయిపోయింది.

డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ళను ఒకచోట చేర్చి పరీక్షించే డ్రాఫ్ట్ కంబైన్ జూన్‌లో ఫీనిక్స్‌లో జరిగింది, దానికి పిలుపు రాలేదు. వాడు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత రెండు క్లబ్బులు విడిగా వర్కౌట్‌కు పిలిచాయి. ఒకటి కారులో వెళ్ళొచ్చే దూరం. రెండోది అరిజోనాలో వాళ్ళ శిక్షణ కేంద్రంలో. టికెట్ వాళ్ళే ఇచ్చారు.

అరిజోనాలో కంటి పరీక్ష, పిడికిలి బలం, భుజం ఎంత తిరుగుతుంది, ఇవన్నీ కొలిచాక ఇరవై రెండు బంతులు వేయించారు. చుట్టూ కెమెరాలు, బంతి కదలికను కొలిచే ట్రాక్‌మ్యాన్ యంత్రం. ఆ రాత్రి వాడు ఫోన్ చేసి, "అమ్మా, వీళ్ళు స్పీడ్ గురించి ఒక్కమాట అడగలేదు" అన్నాడు. ఒకాయన వాణ్ణి స్క్రీన్ ముందు కూర్చోబెట్టి చూపించారట. వాడు బంతి వదిలే చోటు నేల నుంచి ఐదడుగుల రెండంగుళాలే. పొడుగు పిచర్ల బంతి పైనుంచి కిందికి వాలుతూ వస్తుంది. మావాడి చేతిలోంచి కింది నుంచి బయల్దేరి, వెనక్కి గట్టిగా తిరుగుతూ, దాదాపు అడ్డంగా ప్లేట్ మీదికి వస్తుంది. బ్యాటర్ కొట్టాల్సిన ఎత్తు, అంటే స్ట్రైక్ జోన్, పై అంచున వేస్తే బ్యాటర్ తను అనుకున్నచోట బ్యాట్ ఊపుతాడు, బంతి దానికి పైనుంచి వెళ్ళిపోతుంది. 92 మైళ్ళ బంతికి అంతమంది ఎందుకు తప్పుతున్నారో మాకు రెండేళ్ళుగా తెలియలేదు. వాళ్ళు పది నిమిషాల్లో చెప్పారు. ఏ ఎత్తు చూసి పెదవి విరిచారో ఆ ఎత్తు వల్లే ఆ బంతి అలా వస్తోంది. చేంజప్ పట్టు కూడా మార్పించి చూశారట. ఉంగరపు వేలు కుట్టు మీద ఎక్కడ ఆనించాలో ఫోటో తీసి నాకు పంపాడు. ఆ వేలి చివర కాయ కాసి, గోరు సగం అరిగి ఉంది. ఆ ఫోటో చాలాసేపు చూశాను.

జూన్ ఆఖర్లో మా నంబర్ చెప్పాం, 1,50,000 డాలర్లు. గాల్లోంచి తీసిన అంకె కాదది. బోనస్‌లకు ఒక్కో క్లబ్‌కు ఒక కోటా ఉంటుంది. ఆ ఏడాది పదకొండో రౌండ్ నుంచి ఒక్కొక్కరికి అంతవరకు ఇచ్చినా అందులోంచి తగ్గేది కాదు. అడిగితే ఇవ్వడానికి వాళ్ళకు ఇబ్బంది లేనిదీ, చదువు వాయిదా వేసుకోవడానికి మాకు మనసొప్పేదీ అదేనని లెక్కేసుకున్నాం.

డ్రాఫ్ట్ జులై 13, 14 తేదీల్లో జరిగింది. మొదటి రోజు మూడు రౌండ్లే, మాకు సంబంధం లేదు. రెండో రోజు సోమవారం, నాలుగు నుంచి ఇరవై దాకా. ఎవరినీ పిలవలేదు. వాడూ మేమూ, టీవీ, ఛార్జర్ పెట్టిన ఫోన్. ఏడో రౌండ్‌లో ఒక క్లబ్ నుంచి కబురు. ఇప్పుడే తీసుకుంటాం, 90,000కి సరేనా? జవాబు చెప్పడానికి ఒక నిమిషం కూడా లేదు. ఏడో రౌండ్ అని చెప్పుకోవడం ఎంత గొప్పగా ఉంటుందో వాడికి తెలుసు. మా ఇద్దరి ముఖాలూ చూసి "వద్దు" అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు రౌండ్లు గడిచాయి. ఫోన్ మోగలేదు. మా వారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను దేవుడి గదిలో దీపం ఆరిపోతే మళ్ళీ వెలిగించాను. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ ఒక్క మాటతో మొత్తం పోగొట్టుకున్నామా అనే ఆలోచన తప్ప ఇంకేమీ లేదు.

పన్నెండో రౌండ్‌లో అరిజోనాలో వర్కౌట్ చేయించిన క్లబ్ నుంచి ఫోన్ వచ్చింది. "1,50,000. చదువు క్లాజు ఉంటుంది. సరేనా?" వాడు సరే అని ఫోన్ పెట్టిన రెండు నిమిషాలకు టీవీలో మా ఇంటి పేరు వినిపించింది, పలకడం రాక మూడు ముక్కలై. మా వారు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి వాణ్ణి పట్టుకుని ఏడ్చేశారు. పెళ్ళైన పాతికేళ్ళలో ఆయన కన్నీళ్ళు చూడటం నాకిది రెండోసారి.

అయిపోయిందనుకున్నాం, ఇంకా ఉంది. శుక్రవారం అరిజోనాలో మళ్ళీ వైద్య పరీక్షలు, భుజానికీ మోచేతికీ రెండింటికీ ఎమ్మారైలు. శని, ఆది, సోమ, మూడు రోజులు ఏ కబురూ లేదు. సంతకాల గడువు జులై 28. ఏప్రిల్ బెణుకు మళ్ళీ ఎక్కడ బయటపడుతుందోనని ముళ్ళ మీద కూర్చున్నట్టు గడిచింది. మంగళవారం, 22న, సరేనన్నారు. అదే రోజు సంతకం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పన్నులూ అడ్వైజర్ వాటా పోగా వాడి చేతికి లక్షలోపే వస్తుంది. మేజర్ లీగ్‌కు చాలా కిందుండే సింగిల్-ఎ స్థాయికి చేరితే ఏడాది జీతం ఇరవై ఆరు వేల డాలర్ల పైచిలుకు. ఉండటానికి చోటు క్లబ్ ఇస్తుంది. కాలేజీలో వేసిన ఇన్నింగ్స్ చాలని 2025లో ఇక మ్యాచ్‌లు ఆడించరన్నారు. బలం పెంచే కసరత్తూ, ఆ చేంజప్పూ మాత్రమే.

కాంట్రాక్టులో మిగిలిన రెండు సెమిస్టర్ల గురించి రాసిన పేజీ ఒకటుంది. దాన్ని జెరాక్స్ తీసి, వాడి మణికట్టు ఎక్స్‌రే, ఏప్రిల్ ఎమ్మారై ఉన్న ఫైల్లోనే అన్నిటికంటే పైన పెట్టాను.